ఇంట్ల అడిగి చెప్తా

మా ఆయన శేఖర్‌కు ఒక మాట అలవాటు. బేరం దగ్గర ఎవరైనా గట్టిగా పట్టుకుంటే "ఇంట్ల అడిగి చెప్తా" అనేవాడు. లగ్గం వీడియోకు రేటు తగ్గించమన్నా అదే మాట, చిట్టీలో చేరమని ఎవరైనా వెంటపడినా అదే మాట. ఇంట్లో అంటే నేను. పన్నెండేళ్ల కాపురంలో ఆ మాట కొన్ని వందలసార్లు విన్నాను. ఒక్కసారి కూడా లోపలికి వచ్చి అడిగింది లేదు. వంటింట్లోకి వచ్చి మంచినీళ్లు తాగి, మళ్లీ ముందరి గదిలోకి పోయి "ఇంట్ల ఒప్పుకుంటలేరన్నా" అనేవాడు. నాకేమీ కోపం ఉండేది కాదు. మా వరంగల్ కొత్తవాడలో మగవాళ్లందరూ అట్లాగే అంటారు.

2007లో, బతుకమ్మ పండుగ వెళ్లిన వారానికి, వీడియో స్టూడియోలకు సాఫ్ట్‌వేర్లు అమ్మే కృష్ణమోహన్ హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు కూడా శేఖర్ అదే అన్నాడు. కృష్ణమోహన్‌ది కృష్ణా జిల్లా అట. ఆ మాట అర్థం ఆయనకు తెలియదు.

"మంచిది, మేడమ్ గారిని పిలవండి. నేనే వివరిస్తాను" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

శేఖర్ దారి లేక నన్ను పిలిచాడు.

ఆ ముందరి గదిలో ఒకప్పుడు మా మామ మగ్గం ఉండేది. ఆయన పోయాక మగ్గం గుంత పూడ్చి, మీద బండలు పరిచి స్టూడియో చేశాం. ఎంత పూడ్చినా ఆ చోట నేల కొంచెం కుంగేది. కంప్యూటర్ బల్ల కాలికింద అట్టముక్క పెట్టి ఆ కుంగు సరిచేసుకున్నాను. బల్ల నాదే. కెమెరా పని ఆయనది, మిక్సింగ్ నాది. ఆయన తెచ్చిన టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కించి, కోసి, అతికించి, పాటలు వేసి డిస్కు చేసేదాన్ని. సుబేదారిలో ఆరునెలలు నేర్చుకున్న పని.

"మిక్సింగ్ మీరే చేస్తారా? అయితే నేను మాట్లాడాల్సింది మీతోనే" అన్నాడు కృష్ణమోహన్. రెండు పెట్టెలు బల్ల మీద పెట్టాడు. "మీ కొత్త కెమెరాలో తీసేది హెచ్‌డి. దాన్ని డివిడిలోకి దించేసరికి ఆ వెలుగంతా పోతోంది. అవునా?"

అవును. కెమెరాలో చూస్తే పెళ్లికూతురి చీర జరీ పోగులు లెక్కపెట్టొచ్చు. డివిడిలోకి వచ్చేసరికి అదంతా ఒక పసుపు మరక.

"హెచ్‌డిని హెచ్‌డిగానే ఇవ్వడానికి రెండు రకాల డిస్కులొచ్చాయి. ఒకటి హెచ్‌డి డివిడి, రెండోది బ్లూ-రే. దీని ప్లేయర్‌లో అది ఆడదు, దాని ప్లేయర్‌లో ఇది ఆడదు. మామూలు డివిడి ప్లేయర్‌లో రెండూ ఆడవు. సినిమా కంపెనీలే సగం ఇటు, సగం అటు చేరి కొట్టుకుంటున్నాయి. ఈ పెట్టెలో ఉన్నది మొదటి రకం డిస్కు చేసే సాఫ్ట్‌వేర్, ఆ పెట్టెలోది రెండో రకం."

"రెండిట్ల ఏది నిలుస్తదండీ?"

ఆయన నవ్వాడు. "అది చెప్పగలిగితే ఈ పెట్టెలు మోసుకుంటూ ఊళ్లెందుకు తిరుగుతాను మేడమ్? హెచ్‌డి డివిడి ప్లేయర్లు ఉగాదికి మన దగ్గర దిగుతాయంటున్నారు. బ్లూ-రే సంగతి తెలియదు. రెండిటి శాంపిల్ ఇచ్చి వెళ్తాను. పని చేసి చూడండి. మీరు ఏది చెబితే అది పంపిస్తాను."

మీరు ఏది చెబితే అది. ఆయన ఎంత మర్యాదగా అన్నాడంటే, పక్కన నిలబడ్డ శేఖర్ మెడ గోక్కున్నాడు.

పది రోజులు కష్టపడ్డాను. పొద్దున వంట కాగానే శాంపిల్ ముందర కూర్చునేదాన్ని. చౌరస్తాలో నెట్ సెంటర్‌కు నాలుగుసార్లు పోయి, ఎవరెవరో ఇంగ్లీషులో పెట్టుకున్న తగాదాలు కూడబలుక్కుని చదివాను. బ్లూ-రే సాఫ్ట్‌వేర్ తెరిస్తే మా కంప్యూటర్ బిగుసుకుపోయేది. పైగా దానికి డిస్కు రాసే కొత్త రైటర్ కావాలి, ఖాళీ డిస్కు ఒక్కొక్కటి ఒక నేత చీర ధర. హెచ్‌డి డివిడిది మాత్రం చేతికి బాగా వచ్చింది. మా దగ్గరున్న రైటర్‌తోనే, మామూలు డిస్కు మీదే ఎక్కేది. నిజం చెప్పాలంటే నాకు నచ్చింది అదే. అయినా పదకొండో రోజు మధ్యాహ్నం శేఖర్ అన్నం తిని లేవగానే చెప్పాను.

"రెండూ వద్దు."

"పది రోజులు చదివి వద్దంటవా?"

"చదివినంకనే వద్దంటాన. మనూర్ల ఒక్కరింట్లనన్న ఆ ప్లేయరున్నదా? డిస్కు సూస్తే డివిడి లెక్కనే ఉంటది, ఇంటికి తీస్కపోయి వేస్కుంటే నల్లగ నిలవడ్తది. ఈ ఏడు డివిడినే ఇద్దాం. టేపులు మాత్రం తుడువకుండ దాసిపెడ్దాం. వాళ్లిద్దరిల ఎవలు నిలుస్తరో తేలినంక, ఆ తీరు డిస్కు మల్ల చేసిద్దాం."

"టేపులు దాసుడా? లగ్గానికి ఐదు టేపులు. ఏడ పెడ్తవ్?"

"బీరువల నా చీరెలు తీసి పెడ్తా."

శేఖర్ పడీ పడీ నవ్వాడు. "చౌరస్తాల స్టూడియోవోళ్లు హెచ్‌డి అని బారెడు బోర్డు గట్టిండ్రు. మనమేం గడుదాం? మా ఆమె బీరువ సూడుండ్రి అని గడుదామా?"

నాకూ నవ్వొచ్చింది. ఆ తర్వాత చెయ్యి తుడుచుకుంటూ అన్నాడు: "పొద్దుగాలనే కృష్ణమోహన్‌కు ఫోన్ చేసిన. హెచ్‌డి డివిడిది పంపుమన్న. మన రైటరే సరిపోతదట గద."

పొద్దుగాలనే చేశాడట. నేను చెప్పింది మధ్యాహ్నం.

కార్తీకంలో లగ్గాలు మొదలయ్యాయి. మొదటి పెద్ద లగ్గం ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి నడిపే యాకయ్య సేటు బిడ్డ సింధుది. ఆయనను ఒప్పించడానికి శేఖర్ మార్కెట్‌కు పోయి, ఆయన దుకాణం ముందరి మిర్చి రాశినే కెమెరాలో తీసి, మా కంప్యూటర్‌లో నాతో వేయించి చూపించాడు.

"ఓర్నీ, తొడిమె మీద గీతలు గూడ కనవడ్తానయ్ గదరా!" అన్నాడు యాకయ్య. తెర దగ్గరికి ముక్కు పెట్టి వాసన చూసినంత పని చేశాడు. "నా బిడ్డ లగ్గం గిట్లనే రావాలె. ముప్పై డిస్కులు చెయ్యి. చుట్టాలందరికి పంచుత."

"ఉగాదికి ప్లేయర్లొస్తయన్నా. వరంగల్‌ల మొదటిది నీకే ఇప్పిస్త" అన్నాడు శేఖర్.

కృష్ణమోహన్ "దిగుతాయంటున్నారు" అన్నాడు. ఆ "అంటున్నారు" మా గడప దాటలేదు.

ఆ సాయంత్రం అన్నాను: "వాళ్లకు తలొక మామూలు డివిడి గూడ చేసిద్దాం. ప్లేయర్ వచ్చేదాన్క సూసుకుంటరు."

"రెండిస్తే మొదటిదానికేం ఇజ్జత్ ఉంటది? అదే ఇదే అనుకుంటరు. నువ్వు జర ఊకో పద్మా."

ఊరుకున్నాను. లగ్గమైన నాలుగో రోజు సింధు పాటలు ఎంచడానికి వచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల. చేతుల గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. అప్పగింతల దగ్గర తను ఏడ్చింది చూసి సిగ్గుపడి, "అక్కా, ముక్కు చీదింది తీసెయ్యరాదూ, మా అత్తగారోళ్లు నవ్వుతరు" అంది. తీసేశాను. మా అత్తమ్మ అనసూర్య నా వెనుక పీట మీద కూర్చుని బియ్యం ఏరుతూ, "ఉంచు పిల్లా, ఏడ్వకపోతే అదేం లగ్గం" అంది. ఆమెకు అదొక అలవాటు. తను ఎరగని పెళ్లికూతుళ్లనందరినీ నా వెనుక కూర్చునే చూసింది.

పోయేటప్పుడు సింధు అడిగింది. "ఇది ఎన్నేండ్లుంటదక్కా?"

"డిస్కుకేం గాదు" అన్నాను. అంతవరకే చెప్పాను. ఎందులో వేసి చూడాలన్న సంగతి శేఖర్ చెప్పాలి కదా అనుకున్నాను. నేను చెప్పిన మాటల్లో అబద్ధం లేదు. చెప్పని మాట మాత్రం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

డిస్కులు ఇచ్చేశాక ఆ ఐదు టేపుల మీద ఇంకో లగ్గం ఎక్కింది. కంప్యూటర్‌లో ఉన్నది కూడా జాగా చాలక తీసేశాను. అట్లా మాఘం వచ్చేసరికి పదకొండు లగ్గాలయ్యాయి. పదకొండూ హెచ్‌డి డివిడిలే.

ఫిబ్రవరిలో ఒక పొద్దున పేపర్లో, బంగారం ధర పక్కన, చిన్న వార్త పడింది. హెచ్‌డి డివిడి ప్లేయర్లు చేసే పెద్ద కంపెనీ ఇక చేయదట. బ్లూ-రే నిలిచింది. పేపర్ ఆ పేజీ పైకి వచ్చేట్టు మడిచి శేఖర్ టీ గ్లాసు పక్కన పెట్టాను. చదివాడు. తర్వాత పేజీ తిప్పాడు.

వారానికి యాకయ్య వచ్చాడు. మార్కెట్లో మిర్చి జోరుగా దిగే రోజులు. అంగీ నిండా కారం దుమ్ము, ఆయన గదిలోకి రాగానే మా అందరికీ తుమ్ములు. చేతిలో బట్టసంచి ఉంది. దాన్ని బల్ల మీద బోర్లించాడు. డిస్కులు, ఒక్కొక్క దాని మీద సింధు బొమ్మ.

"శేఖరూ! నా తోడల్లుడు కేసముద్రంల వాడకట్టు మొత్తాన్ని పిలిచి టీవీ ముంగట కూసోవెట్టిండట. ఏమొచ్చిందో ఎర్కేనా? నలుపు! 'అమాస నాడు జేసినవా అన్నా బిడ్డ లగ్గం' అని ఫోన్ల నవ్వుతాండు. నా బిడ్డ అత్తగారింట్ల గంతే. ఉగాదికి వస్తయంటివి. కంపినోడే చేతులెత్తిండని మా గుమస్త పేపర్ జదివి చెప్పిండు. ముప్పై ఇండ్లల్ల నా ఇజ్జత్ తీసినవ్ గదరా!"

నేను వంటింట్లో టీ పోస్తున్నాను. శేఖర్ గొంతు వినిపించింది. మెల్లగా, మర్యాదగా.

"నాదేం లేదన్నా. నాకు ఇంగ్లీషు రాకపాయె. ఇంట్ల అడిగే తీస్కున్న. మా ఆమెనే పది రోజులు కూసోని చదివింది. నెట్ సెంటర్‌కు గూడ పోయింది. గిదే మంచిదన్నది."

కప్పులు రెండు. మొదటిది యాకయ్యకు ఇచ్చాను, రెండోది శేఖర్‌కు. చక్కెర సరిపోయిందా అని అడిగాను.

యాకయ్య నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "సరిపోయిందమ్మా" అన్నాడు. శేఖర్ వైపు తిరిగి, "ఆడివిల్లనేమంటం తమ్మీ. ఆమెకేమెరుక గీ కంపినీల కొట్లాట. ఇంట్ల అడిగినా గని, మొగోనివి, నువ్వన్న సోయిల ఉండొద్దా?" అన్నాడు. టీ తాగాడు. ఉగాదికల్లా మామూలు డివిడిలు చేసి ఇస్తానని శేఖర్ అంటే తలూపి పోయాడు.

పన్నెండేళ్లలో ఆ ఇంట్లో నాదని అందరికీ తెలిసిన మొదటి నిర్ణయం అది.

సంచిలోంచి పడిన డిస్కులు ఒక్కొక్కటి ఏరి పేర్చుతూ అడిగాను. "ఎందుకట్లన్నవ్?"

"ఏమన్న? నువ్వు చదువలేదా?"

"చదివి వద్దన్న."

"గిప్పుడదంత ఎందుకు?" అన్నాడు. ఆయనకు కోపం లేదు, బతికిపోయిన మనిషి ముఖం అది. "సూసినవ్ గద, నీ పేరు చెప్పంగనే సల్లవడ్డడు. అదే నేను జేసిన్నంటే మార్కెట్ల చాటింపేస్తడు. వైశాఖంల ఒక్క లగ్గం రాదు. నా పేరు ఖరాబైతే మనిల్లు నడువది. నీకేం పోతది పద్మా?"

చేతిలో డిస్కులున్నాయి. వాటిని బల్ల మీద పెట్టి నాకేం పోతుందో ఆలోచించేలోపు ఆయన బండి తీసుకుని బయటికి పోయాడు.

ఆ మాట బాగా పనిచేసిందని ఆయనకు తెలిసిపోయింది. మిగతా పది ఇళ్లవాళ్లకూ అదే చెప్పాడు. వాళ్లు ఫోన్ చేసినప్పుడు నేను ఎత్తితే "నువ్వేనా అమ్మా ఆ డిస్కు జేసింది" అనేవారు. కిరాణం కొట్టులో ఒకావిడ, "పాపం శేఖరు, పెండ్లాం మాట ఇన్నందుకు..." అని నన్ను చూసి ఆగి, పెసరపప్పు ధర అడిగింది.

టేపులు లేవు. మిగిలినవి ఆ డిస్కులే, అవి ఆడేది మా కంప్యూటర్‌లోనే. అందుకని ఒక్కొక్క డిస్కు కంప్యూటర్‌లో ఆడించి, దాన్ని తీగతో మళ్లీ కెమెరాలోకి ఎక్కించి, అక్కడి నుంచి డివిడి చేయాలి. లగ్గం ఎంతసేపుంటే అంతసేపు పట్టే పని. మూడు గంటల లగ్గానికి మూడు గంటలు కదలకుండా కూర్చోవాలి, ఎక్కడన్నా ఆగితే మళ్లీ మొదటికి. పొద్దున పదింటికి తలుపు వేసుకుని కూర్చునేదాన్ని. పదకొండు మంది పెళ్లికూతుళ్లు మళ్లీ పీటల మీదికి వచ్చారు, మళ్లీ అప్పగింతలై వెళ్లారు. హెచ్‌డిలో జరీ పోగులు తళతళలాడుతుంటే, ఇటు పక్క చిన్న టీవీలో అవే పసుపు మరకలుగా దిగుతుండేవి. చేతనైన పనిని చేతులారా చెడగొట్టుకుంటూ కూర్చున్నట్టుండేది.

అత్తమ్మ వెనుక పీట మీదే ఉండేది. సింధు లగ్గం ఆడుతున్నప్పుడు ఒకసారి అంది:

"నాకు చెవుడు లేదు పిల్లా. నువ్వు ఆనాడు వద్దన్నది నేనిన్న."

చెయ్యి ఆపకుండానే అడిగాను. "మరి చెప్పరాదా అత్తమ్మా?"

"ఎవనికి? నా కొడుకు మీద నేనెట్ల జెప్త?" అంది. మళ్లీ తెర వైపు చూసి, "ఈ పిల్ల చీరె ఎంత మంచిగున్నది!" అంది.

చైత్రంలో, ఉగాది వెళ్లిన నాలుగు రోజులకు, యాకయ్య భార్య కట్టమ్మ డివిడిల కోసం తానే వచ్చింది. పుట్టింటికి వచ్చిన సింధును కూడా తీసుకొచ్చింది. శేఖర్ టీవీలో పెట్టి చూపించాడు. సింధు చూసి, "మంచిగనే ఉన్నది" అంది గాని, ఒకసారి తెర వైపు, ఒకసారి నా వైపు చూసింది. జరీ పోగులు తనూ చూసింది కదా.

కట్టమ్మ ఆ ముప్పై డివిడిలు సంచిలో పెట్టుకుంది. ఇంకో సంచిలోంచి కుంకుమ భరిణె, రవిక గుడ్డ, రెండు అరటిపండ్లు తీసింది.

"ఇటు రా చెల్లె. మా ఆయన ఆనాడు కోపంల ఏమన్నడో ఏమో, మనసుల వెట్టుకోకు. తప్పు చెయ్యనోళ్లెవరు? ఎరుక లేక జేసినవ్, మల్ల నువ్వే కష్టపడి సవరిచ్చినవ్. మేం మాఫ్ జేసినం తియ్యి."

"నేను జెయ్యలేదక్కా" అన్నాను. "నేను వద్దన్న. రెండూ వద్దన్న. ఈయనే తెప్పిచ్చిండు."

కట్టమ్మ శేఖర్ వైపు చూసింది. ఆయన కెమెరా కటకం తుడుస్తున్నాడు. అద్దం శుభ్రంగానే ఉంది, తుడుస్తూనే ఉన్నాడు. అత్తమ్మ చేటలో రాళ్లు వెతుకుతోంది.

కట్టమ్మ నవ్వేసింది. "ఎవలు జేస్తేంది చెల్లె? ఆయన జేసినా నువ్వు జేసినా ఒక్కటే గద. ఒకింటోళ్లాయె!"

బొట్టు పెట్టడానికి వేలు చాచింది. బొట్టు పెడుతుంటే తల తిప్పుకునే పద్ధతి మాలో లేదు. ముఖం ముందుకు పెట్టాను. ఆమె బొట్టు పెట్టి, గుడ్డా పండ్లూ నా కొంగులో వేసింది. పోతూ పోతూ సింధు గడప దగ్గర ఆగి నా చెయ్యి పట్టుకుంది, ఏదో అనబోయింది. "రా బిడ్డా, ఎండ పడ్తాంది" అని తల్లి పిలిస్తే వెళ్లిపోయింది.

వాళ్లు పోయాక శేఖర్, "ఆమె ముంగట గట్ల అనాల్నా?" అన్నాడు. అని, తనే సర్దుకున్నాడు. "పోనీ తియ్యి. అయిపోయింది. గుడ్డ మంచిగున్నది, కుట్టిచ్చుకో."

మాఫీ గుడ్డ అది. ఆకుపచ్చది, మంచి గుడ్డే. మడత విప్పకుండా పక్కింటావిడకు వాయనంగా ఇచ్చేశాను.

ఆయన అన్నట్టే అయింది. వైశాఖంలో లగ్గాలు వచ్చాయి. ఆయన పేరు ఖరాబు కాలేదు. భార్య మాట విని మోసపోయిన మంచివాడన్న పేరు కూడా దానికి తోడైంది. మొదటి లగ్గం హసన్‌పర్తిలో. మర్నాడు పొద్దున పదింటికి వచ్చి, ఐదు టేపులు నా బల్ల మీద పెట్టాడు.

"డివిడినే చేద్దాం. శుక్రారం ఇయ్యాలె. పాటలు నువ్వే ఎంచు."

నేను బల్ల తుడుస్తున్నాను. తుడవడం అయ్యాక చెప్పాను.

"నాకు రాదు."

"ఏంది?"

"మిక్సింగ్. నాకు రాదు. బయట ఎవలకన్న ఇయ్యి."

నవ్వాడు. "పరాచికాలాడకు పద్మా, టైం లేదు."

"పరాచికం గాదు. ఎరుక లేనోళ్లు జేస్తే మల్ల లగ్గాలు ఖరాబైతయ్. ఇజ్జత్ పోతది. వచ్చినోళ్లతోని జేయించు."

శేఖర్ ముఖంలో నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. తల్లి వైపు చూశాడు.

"రాకపోవుడేందే!" అంది అత్తమ్మ. ఈసారి గట్టిగా అంది, బయటికి వినపడేంత గట్టిగా. "పదేండ్ల సంది నా కండ్ల ముంగట జేస్తాంటివి. నీ అంత మంచిగ ఈ వరంగల్‌ల ఎవలు జేస్తరు?"

ఆ మాట ఫిబ్రవరిలో అని ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు.

"రాదత్తమ్మా" అన్నాను.

ఆమె చేతిలోంచి బియ్యం చేట తీసుకుని వంటింట్లోకి వెళ్లాను. ఎసరు మరుగుతోంది. బియ్యం కడిగి పోసి, మూత పెట్టి వెనక్కి చూశాను. శేఖర్ నా కుర్చీలో కూర్చుని, టేపులు ఒళ్లో పెట్టుకుని, కంప్యూటర్ ఎక్కడ నొక్కితే వెలుగుతుందో వెతుకుతున్నాడు.